నాలుగు సెకన్లు

రిమోట్ మీది కుడి స్టిక్‌ని దుర్గాలక్ష్మి కుడివైపుకి తోసింది. బల్ల మీదున్న విమానానికి ఎడమ రెక్క పలక పైకి లేచింది, కుడి రెక్క పలక కిందికి దిగింది. తప్పు. కుడికి తోస్తే కుడి పలక పైకి లేవాలి. ఇలాగే గాల్లోకి వదిలితే, కుడికి తిరగమన్నకొద్దీ విమానం ఎడమకి ఒరిగిపోతుంది.

కంగారు పడాల్సిందేం లేదు. కాలేజీలో ఉన్న పాత ట్రైనర్ విమానంలో పలకల్ని కదిపే సెర్వో మోటార్లు ఒక వైపుకి బిగించి ఉంటాయి, ఈ కొత్తదాంట్లో పిల్లలు రెండోవైపుకి బిగించారు. అంతే తేడా. ఆమె మెనూలోకి వెళ్లి, రెక్క పలకల్ని కదిపే మొదటి ఛానెల్ దగ్గర ఆగి, రివర్స్ అన్నచోట నొక్కింది. మళ్లీ స్టిక్ తోసింది. కుడి పలక లేచింది, ఎడమది దిగింది. ఒకసారి చూసి నమ్మే అలవాటు ఆమెకి లేదు. రిమోట్ పట్టుకుని తోక వెనక్కి వెళ్లి నిలబడి, వెనకనుంచి మరో మూడుసార్లు చూసుకుంది.

ఆ కాలేజీ అనకాపల్లి దాటాక బైపాస్ పక్కన, చెరుకు తోటల మధ్య ఉంది. తొమ్మిదేళ్లుగా అక్కడ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తోంది దుర్గాలక్ష్మి. ఆవేళ గురువారం, శనివారం కాలేజీ వార్షికోత్సవం. చైర్మన్‌గారూ విశాఖ నుంచి వచ్చే అతిథులూ చూస్తుండగా ఈ విమానం ఎగరాలి. ఏరో క్లబ్ పిల్లలు మూడు నెలలు కూర్చుని చేశారు దాన్ని. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి ఆరున్నర అడుగులు, బరువు ఐదు కిలోలు. గరుడ అని పేరు పెట్టారు. అందరూ బొమ్మ విమానం అంటారు గానీ, దాని ముక్కున బిగించిన చెక్క పంకా పదహారు అంగుళాలు. మోటారు పూర్తిగా అందుకుంటే ఆ పంకా కంటికి కనపడదు.

రేడియో పని మొత్తం ఆమెదే. ఒక రిమోట్‌లో పాతిక విమానాల లెక్కలు విడివిడిగా దాచుకోవచ్చు. ఏది ఎగరేస్తే తెర మీద దాని పేరు ఎంచుకోవాలి, అప్పుడు దానికి తగ్గట్టు స్టిక్కులూ స్విచ్చులూ పనిచేస్తాయి. ఈ రిమోట్‌లో ఇప్పటిదాకా ఉన్నది ట్రైనర్ ఒక్కటే. ఆమె రెండో పేరు కింద గరుడ చేర్చింది. సిగ్నల్ అందుకునే రిసీవర్ మాత్రం కాలేజీ మొత్తానికీ ఒకటే, విమానం మారినప్పుడల్లా విప్పి అందులోంచి ఇందులోకి బిగించేది. అందుకని తెర మీద ఏ పేరున్నా విమానం పలుకుతుంది. పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది మనిషే.

పంకా ఊడదీసి పక్కన పెట్టి, మోటారు తిప్పి చూసింది. రిమోట్ ఆపేసి, సిగ్నల్ పోయినప్పుడు మోటారు తనంత తాను ఆగుతోందా లేదా చూసింది. రిమోట్‌కి ఎడమ భుజం దగ్గర కట్ అనే స్విచ్ ఒకటి, కిందికి కొడితే స్టిక్ ఎక్కడున్నా సరే మోటారు చచ్చిపోయేట్టు పెట్టింది. ఆ స్విచ్‌ని పదిసార్లు కొట్టి చూసింది. మొదటిసారి ఎగిరేది గనక స్టిక్ కొంచెం కదిపితే రెక్క కొంచెమే ఒరిగేట్టు, మెత్తగా ఉండేట్టు లెక్కలు తగ్గించింది.

కిటికీ అవతల గడ్డి కోస్తున్న ఎర్రయ్య కొడవలి పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. కశింకోట అవతల పల్లె అతనిది. దీపావళి వెళ్లాక గానుగలు మొదలైతే బెల్లం వండడానికి పోతాడు, మిగతా నెలలు కాలేజీలో కాంట్రాక్టరు కింద గ్రౌండు పని. ఒకదాన్ని అన్నిసార్లు ఎందుకు చూడ్డం అని అడిగేడు. గాల్లోకి పోయాక మళ్లీ చూసుకోడానికుండదు మావా అందామె. అతనికి ఆ మాట నచ్చింది. పాకం కూడా అంతేనని, పెనం దించే ముందు నీళ్లలో ఒక చుక్క వేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తానని, ఒక్క పిసరు అటూ ఇటూ అయినా ఆ పెనం మొత్తం ఎందుకూ పనికిరాదని చెప్పేడు. చెబుతూ రెండు వేళ్లనీ నలుపుతూనే ఉన్నాడు, అక్కడ పాకం ఉన్నట్టు.

శుక్రవారం మధ్యాహ్నం త్రినాథ్ సార్ వచ్చి గ్రౌండులో విమానాన్ని నేల మీద పరిగెత్తించి చూశాడు. ఏరో క్లబ్ ఆయన చేతికిందే ఉంది, శనివారం ఎగరేసేదీ ఆయనే. నాలుగు పరుగులు తీయించి రిమోట్ ఆమె చేతిలో పెట్టేసి, ఇదేంటి ఎద్దుబండిలా ఉంది, చేతికి అందడం లేదు అన్నాడు. మొదటి ఫ్లయిట్‌కి మెత్తగా ఉంటేనే మంచిది, పట్టు దొరికాక పెంచుకోవచ్చు అని ఆమె చెప్పబోయింది. చుట్టూ ఎనిమిది మంది స్టూడెంట్లున్నారు.

“సెట్టింగులు చేసిపెట్టండి, చాలు. ఎగరేయడం కూడా ల్యాబ్ టెక్నీషియన్ దగ్గరే నేర్చుకోవాలా నేను?” అన్నాడు త్రినాథ్.

ఇద్దరో ముగ్గురో నవ్వేరు. పెద్దగా కాదు. దుర్గాలక్ష్మి ఛార్జర్ వైరు అరచేతికి చుట్టుకుంటూ తల వంచుకుంది. చుట్టడం అయిపోయాక విప్పి, మళ్లీ మొదట్నుంచి చుట్టింది.

*

శనివారం గ్రౌండుకి ఒక పక్క షామియానా వేసి, ముందు తాడు కట్టి, సోఫాలు వేశారు. రెండో పక్క చెరుకు తోట. తోటలోంచి మేకలు, ఆవులు దిగకుండా చూడమని త్రినాథ్ సార్ ఎర్రయ్యకి ఎర్రగుడ్డ ఒకటి ఇచ్చి గ్రౌండు కొసకి పంపేడు. విమానం తోక సర్దుతూ దుర్గాలక్ష్మి వింటూనే ఉంది. ఇక్కడ నిలబడితే సాలా బాబూ అని ఎర్రయ్య కేకేస్తే, ఇంకా అటు, ఇంకా అటు అని సార్ చెయ్యి ఊపేడు. ఎర్రయ్య ఇంకో ఇరవై అడుగులు వెళ్లి తోట గట్టు దగ్గర నిలబడ్డాడు.

తొమ్మిదింటికి రావాల్సిన చైర్మన్ పదయ్యాక వచ్చేడు. అతిథులతో మాట్లాడుతూనే త్రినాథ్ సార్ రిమోట్ మెడలో వేసుకుని బొటనవేలితో ఏవో మీటలు నొక్కుతున్నాడు. బ్యాటరీ ఎంతుందో చూసుకుంటున్నాడు కాబోలు అనుకుంది దుర్గాలక్ష్మి. ఆమె పని తోక పట్టుకోవడం. మోటారు తిరగడం మొదలుపెట్టాక విమానాన్ని వెనకనుంచి ఎవరో ఒకరు ఆపి పట్టుకోవాలి. సార్ చెయ్యెత్తితే వదలాలి. సార్ నిలబడ్డది పక్కన, ముప్పై అడుగుల దూరంలో, తాడు దగ్గర. అక్కణ్నుంచి పలకలు సరిగా కంటికి ఆనవు. తోక పట్టుకున్న మనిషికి రెండు రెక్కలూ ఎదురుగా కనపడతాయి. అందుకని పలకలు సరిగ్గా కదిలాయో లేదో చూసి చెప్పాల్సిందీ ఆమే.

సార్ స్టిక్కులు కదిపేడు. తోక పలక లేచి దిగింది. నిలువు పలక అటూ ఇటూ ఆడింది. తర్వాత కుడి స్టిక్ కుడికి తోసి, రెక్కల్ని చూడమన్నట్టు ఆమెవైపు చూసేడు. మోటారు మెల్లగా తిరుగుతోంది, గడ్డి పరకలు వెనక్కి ఎగిరి ఆమె మొహాన కొడుతున్నాయి. రెక్కల మీద ఏదో ఉండాల్సినట్టు లేదనిపించింది ఆమెకి. సోఫాలో చైర్మన్ వాచీ చూసుకున్నాడు. ఓకేనా అని సార్ అరిచేడు. ఆమె బొటనవేలు పైకెత్తింది.

సార్ చెయ్యెత్తాడు. ఆమె వదిలింది.

విమానం పాతిక గజాలు పరిగెత్తి నేల వదిలింది. చప్పట్లు మొదలయ్యాయి. రెండు తాటిచెట్ల ఎత్తుకి లేచాక సముద్రం వైపునుంచి వచ్చిన గాలి తెర ఒకటి తగిలి ఎడమ రెక్క కొంచెం దిగింది. దాన్ని లేపడానికి సార్ కుడికి తోసేడు. రెక్క ఇంకా దిగింది. ఇంకా గట్టిగా తోసేడు. విమానం ఎడమ రెక్క మీద నిలువునా నిలబడి, ముక్కు కిందికి తిప్పి, తోటవైపుకి మళ్లింది. కట్ కొట్టండి అని అరుస్తూ దుర్గాలక్ష్మి పరిగెత్తింది. రిమోట్ ఎడమ భుజం దగ్గరి స్విచ్‌ని సార్ కొట్టడం ఆమె చూసింది. మోటారు ఆగలేదు.

ఎర్రయ్య పరిగెత్తలేదు. తనవైపే వస్తోందని అతనికి అర్థమయ్యేసరికి పరిగెత్తడానికి టైము లేకపోయింది. కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరికన్నా ముందు అక్కడికి చేరింది ఆమే. ఎర్రయ్య కూర్చునే ఉన్నాడు. మొహాన ఒక్క గీతైనా పడలేదు. చేతిని ఒళ్లో పెట్టుకుని దానివంక చూసుకుంటున్నాడు, అది ఇంకెవరిదో తెచ్చి తన ఒళ్లో పెట్టినట్టు. ఆమె ఎర్రగుడ్డ తీసి ఆ చేతికి చుట్టి, రెండు చేతుల్తో గట్టిగా నొక్కి పట్టుకుంది. వ్యాను వచ్చేదాకా అలాగే పట్టుకుంది. ఎర్రయ్య ఏడవలేదు. నొప్పి ఇంకా తెలుస్తున్నట్టు లేదు. గడ్డిలో చూడమ్మా, గడ్డిలో చూడు అని మాత్రం రెండుసార్లు అన్నాడు. గడ్డిలో చూడమన్నది తన వేళ్ల కోసమని ఆమెకి వ్యాను వెళ్లిపోయాక గానీ తట్టలేదు.

షామియానా ఖాళీ అయిపోయింది. రిమోట్ తాడు పక్కన నేల మీద పడి ఉంది, ఇంకా వెలుగుతూ. అలవాటు కొద్దీ ఆమె దాన్ని తీసి ఆపబోయింది. తెర మీద పేరు గరుడ కాదు. ట్రైనర్.

ఆయన పేరు మార్చేశాడు. ఆమె మెత్తగా పెట్టిన లెక్కలు వద్దనుకుని, చేతికి అలవాటైన పాతదాన్నే ఎంచుకున్నాడు. పాతదాంట్లో రివర్స్ లేదు. మోటారుని చంపే ఆ స్విచ్చూ లేదు.

*

సోమవారం ప్రిన్సిపాల్ గదికి పిలిచేరు. త్రినాథ్ సార్ కిటికీ పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ మంచి మాటలతోనే మొదలుపెట్టేడు. ఎర్రయ్య ప్రాణానికి భయం లేదన్నాడు, కాలేజీ పరువు గురించి చెప్పేడు, తర్వాత టైపు చేసిన కాయితం ఆమె ముందుకి జరిపేడు. అందులో రెండే సంగతులున్నాయి. విమానం రేడియో సెట్టింగులు ల్యాబ్ టెక్నీషియన్ దుర్గాలక్ష్మి చేసిందని, ఆ పనిలో పొరపాటు జరిగిందని ఒకటి. గ్రౌండు కూలీ ఎర్రయ్య ఎవరూ చెప్పకుండా తాడు దాటి లోపలికి వచ్చేడని రెండోది.

ఆమె రెండుసార్లు చదివింది. తెర మీద ట్రైనర్ అని ఉందని, తాను చేసింది గరుడ అని చెప్పింది. ఎర్రయ్యని అక్కడ నిలబెట్టింది సారేనని కూడా చెప్పింది. త్రినాథ్ ఫోన్లోంచి తలెత్తలేదు. తెర మీద ఏముందో మీరు తప్ప ఇంకెవరైనా చూశారా అని ప్రిన్సిపాల్ అడిగేడు. లేదంది. తోక పట్టుకుని పలకలు ఓకే అన్నది మీరే కదా అని అడిగేడు. ఆమె మళ్లీ కాయితం వంక చూసింది.

సంతకం పెడితే ఇది ప్రమాదం కింద పోతుందని, ఆమెని లైబ్రరీకి మారుస్తారని, ఉద్యోగానికి ఢోకా ఉండదని చెప్పేడు. లేదంటే పోలీసులొస్తారు, వాళ్లు వెతికేది కూడా సెట్టింగులు చేసిన మనిషినే అన్నాడు. బుధవారం దాకా ఆలోచించుకోమన్నాడు.

ఆమె భర్త లోవరాజు అనకాపల్లి, కశింకోట మధ్య షేర్ ఆటో నడుపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటూ అంతా విన్నాడు. లైబ్రరీ అయితే ఏటి, పుస్తకాలే కదా, సంతకం పెట్టేసి ఊరుకో అన్నాడు మొదట. కాసేపటికి అతనికే ఆ మాట నచ్చలేదు. ఎర్రయ్య అతని ఆటోలో ఎన్నోసార్లు ఎక్కిన మనిషి.

“ఆ రిమోట్‌లో ఏ పేరు మీద ఎగిరిందో ఎక్కడా రాసుండదేటి?” అని అడిగేడు.

ఉంటుంది. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. రిమోట్ వెనక గోరంత కార్డు ఉంటుంది. ఏ పేరు మీద నడిచింది, ఏ క్షణాన ఏ స్టిక్ ఎటు కదిలింది, ఏ స్విచ్ ఎప్పుడు కొట్టేరు, అన్నీ దాంట్లో వరసగా పడతాయి. ఆ రికార్డింగ్ పెట్టింది తానే, ఆర్నెల్ల కిందట. తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. లోవరాజు తువ్వాలు దండెం మీద పడేసి, అయితే ఇంకేటి భయం, రేపు పొద్దున్నే తియ్యి, ఎవుడి తప్పో ఆడి నెత్తినే పడతాది అన్నాడు. రెండ్రోజుల తర్వాత ఆ పూటే ఆమె కడుపు నిండా తింది.

*

మంగళవారం ఇంకా ల్యాబు తెరిచే వేళ కాకుండానే వచ్చి తాళం తీసింది. రిమోట్ పెట్టె బీరువాలో ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టింది. శనివారం తేదీతో ఫైలు ఒకటే ఉంది. దాని పేరులోనే ట్రైనర్ అని ఉంది, పక్కన పది గంటల పద్నాలుగు నిమిషాలని టైము. దుర్గాలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలింది.

ఫైలు తెరిచింది. సెకనుకి రెండు వరసలు. ప్రతి వరసలో స్టిక్ ఎక్కడుందో, రెక్క పలకలకి వెళ్లిన ఆజ్ఞ ఏమిటో అంకెల్లో ఉంది. విమానం ఎగిరిన చోటికి జరిపి, అక్కణ్నుంచి చదువుకుంటూ పోయింది. ఇదిగో, ఇక్కడ నేల వదిలింది. ఇక్కడ సార్ కుడికి తోసేడు, పలకలకి ఆజ్ఞ రివర్స్ కాకుండానే వెళ్లింది. ఇక్కడ ఇంకా తోసేడు. ఇక్కడ స్విచ్ కొట్టేడు, మోటారు అంకె తగ్గలేదు. ఒక్కటీ దాచుకోలేదు కార్డు. ప్రిన్సిపాల్ బల్ల మీద ఈ కాయితాలు పరిచి ఒక్కో వరస మీదా వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఊహించుకుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి అప్పుడైనా తలెత్తుతాడు.

తర్వాత మళ్లీ పైకి జరిపింది. విమానం నేల మీదే ఉన్నప్పటి వరసలు. తోక పలక లేచి దిగిన చోటు. నిలువు పలక ఆడిన చోటు. ఆ తర్వాత కుడి స్టిక్ పూర్తిగా కుడికి. పలకలకి రివర్స్ లేని ఆజ్ఞ, గరుడ మీద అంటే పూర్తిగా ఎడమ. ఆ కింది వరస కూడా అంతే. ఆ కిందిది కూడా. ఆమె లెక్కపెట్టింది. ఎనిమిది వరసలు.

నాలుగు సెకన్లు. ఆమె చూడాలని ఆయన నాలుగు సెకన్లు స్టిక్‌ని అలాగే పట్టుకున్నాడు.

తర్వాత చాలాసేపు ఆమె తెర వంక చూడలేదు. లేచి, మూలనున్న ట్రైనర్‌ని బల్ల మీదకి ఎత్తి, విరిగిన గరుడలోంచి తీసిన రిసీవర్ బిగించింది. రిమోట్ పక్కన పెట్టుకుని తోక వెనక మోకాళ్ల మీద కూర్చుంది, శనివారం కూర్చున్నట్టే. స్టిక్ కుడికి తోసి పట్టుకుని, గోడ గడియారం ముల్లు చూసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. పలక లేచి అలాగే నిలబడింది. నాలుగు సెకన్లంటే చాలా ఎక్కువ. ఒక మనిషిని పోల్చుకుని, పేరు గుర్తు తెచ్చుకుని, పలకరించేంత సేపు.

ఈ మూడ్రోజులూ తనకి తాను చెప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంది. ఎండ కళ్లలో పడిందనుకుంది. ఎండ షామియానా వెనక ఉంది. గడ్డి మొహాన కొట్టిందనుకుంది. కొట్టింది, కానీ కళ్లు మూసుకోలేదు. ఏదో సరిగ్గా లేదనిపించింది అనుకుంది. అనిపించడం కాదు. ఎడమ పలక లేవడం చూసింది. తప్పు అని లోపల ఒక మాట కూడా అనుకుంది, గురువారం ల్యాబులో అనుకున్నట్టే. నోరు తెరవబోయింది. శుక్రవారం నాటి నవ్వు చెవిలో పడింది. సోఫాలో ఉన్నవాళ్లందరి ముందూ మళ్లీ ఆ మాట అనిపించుకోవడమా అనుకుంది. ఆయన చేసుకున్నది ఆయనే చూసుకుంటాడులే అనుకుంది. ఆ మాట కూడా అనుకుంది. బొటనవేలు దానంతటది లేవలేదు.

మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. అవి ఉత్త అంకెలు. ఆ ఎనిమిది వరసల మీద మౌస్ లాగితే నీలంగా మారాయి. ఒక్క మీట నొక్కితే పోతాయి. మిగతాదంతా అలాగే ఉంటుంది, ట్రైనర్ అన్న పేరుతో సహా. ఎవరికీ తెలిసే దారి లేదు. వరండాలో తుడిచేవాళ్ల బక్కెట్ల చప్పుడు దగ్గరికొచ్చి, దాటి వెళ్లిపోయింది. ఆమె వేలు మీట మీదే ఉంది. కాసేపటికి ఆ వేలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నీలం పోయింది, వరసలు ఉన్నాయి.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, నెహ్రూచౌక్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించింది. పదకొండు పేజీలు వచ్చాయి.

*

బుధవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లలేదు. లోవరాజు ఆటోలో ఆస్పత్రికి వెళ్లింది. దారిలో అతనికి చెప్పింది, ఎనిమిది వరసల సంగతి. అతను ఆటో పక్కకి ఆపి, అద్దంలో కాక తల తిప్పి ఆమె వంక చూశాడు. అది సెప్పాల్సిన పనేటి, మిగతాది సాలు కదా అన్నాడు. ఆమె ఒళ్లో కాయితాలు సర్దుకుంది. అతను కాసేపు హ్యాండిల్ మీద వేళ్లతో కొట్టి, మళ్లీ ఆటో తీశాడు.

వార్డులో కొసమంచం ఎర్రయ్యది. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టి, పైకి ఎత్తి కర్రకి తగిలించేరు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ లేవు. అతని భార్య అప్పలకొండమ్మ మంచం అంచున కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. దుర్గాలక్ష్మిని చూసి జరిగి చోటిచ్చింది. శనివారం రక్తం ఆపింది ఈమేనని మొగుడు చెప్పినట్టున్నాడు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నిన్న కాలేజీ నుంచి ఇద్దరొచ్చేరని, తాడు దాటింది తానేనని రాసిన కాయితం మీద ఎడంచేతి వేలిముద్ర వెయ్యమన్నారని చెప్పింది.

“ఎయ్యలేదు,” అన్నాడు ఎర్రయ్య.

దుర్గాలక్ష్మి కాయితాలు తీసింది. త్రినాథ్ సార్ పేరు మార్చిన సంగతి, మోటారు ఎందుకు ఆగలేదో ఆ సంగతి, వాళ్లకి తెలిసేట్టు నిదానంగా చెప్పింది. అప్పలకొండమ్మ వింటూ వింటూ, ఆ కాలేజీ వోళ్లకి నోట్లో మట్టి పడ అంది. ఆమె ఇంకా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి తన చేతిమీద ఉండగానే చెప్పేయాలనుకుంది దుర్గాలక్ష్మి.

“ఇంకోటుంది అప్పా. ఎగిరే ముందు నేను చూసేను. రెక్కలు తిరగబడి ఆడుతున్నాయని చూసేను. చూసి కూడా బాగానే ఉందని సైగ చేసేను.”

అప్పలకొండమ్మ ఆమె మొహంలోకి చూసింది. తెలీక చేసేవా అని అడిగింది. తెలిసే చేసేను అంది దుర్గాలక్ష్మి. అట్టముక్క ఆగిపోయింది. అప్పలకొండమ్మ తన చెయ్యి తీసుకుని చీర కొంగుకి తుడుచుకుంది. పక్కమంచం మనిషి దగ్గుతున్నాడు. నర్సు వచ్చి సెలైన్ చూసి వెళ్లింది.

చివరికి ఎర్రయ్యే అడిగేడు, పైకప్పు వంక చూస్తూ. “నువ్వు ఆగమంటే ఆగేవోడేటి ఆ బాబు? అంతమంది ముందర?”

ఆ ప్రశ్నలో ఆమె తప్పుకోడానికి చోటుంది. ఆగేవాడు కాదు అంటే ఎర్రయ్య నమ్ముతాడు. బహుశా అతనికి ఆ మాటే కావాలేమో కూడా, తన ముందు కూర్చున్న మనిషిని అసహ్యించుకోకుండా ఉండడానికి.

“ఆయన ఆగకపోయినా విమానం ఆగేది మావా,” అంది ఆమె. “తోక నా చేతుల్లో ఉంది. నేను వదిలితేనే అది కదిలింది.”

ఎర్రయ్య కళ్లు మూసుకున్నాడు. ఈ యేడు గానుగ మీదకి ఇంకో మనిషిని చూసుకోమని గానుగ కామందుకి కబురంపేనని, ఇంకో మనిషికి పాకం తెలవదని, నేర్పడానికి తన దగ్గర వేళ్లు లేవని అన్నాడు. ఎవరితోనో కాదు, ఊరికే అన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, తెల్లకాయితం ఉందా అని అడిగేడు.

ప్రింటు తీసిన ఆఖరి పేజీ వెనక ఖాళీగా ఉంది. ఆమె పెన్ను తీసింది.

అతను చెప్పేడు, ఆమె రాసింది. ఎస్సై గారికి. నన్ను గ్రౌండు కొసకి పొమ్మన్నది త్రినాథ్ బాబు. ఎర్రగుడ్డ ఇచ్చింది ఆయనే. నేను తాడు దాటలేదు, నా పక్కన తాడే లేదు. విమానం ఎగరేసింది ఆయన. ఎగరేసే ముందు దాంట్లో పేరు మార్చింది ఆయన. అతను ఒక్కో మాటా పలికి, ఆమె పెన్ను ఆగేదాకా ఆగి, అప్పుడు ఇంకో మాట పలికేడు. అంత పట్టిపట్టి మాట్లాడగల మనిషని ఆమెకి తెలీదు. అంతా అయ్యాక ఆమె పెన్ను మూత పెట్టబోయింది.

“అవలేదు,” అన్నాడు ఎర్రయ్య. “నీ పేరు కూడా రాయి.”

ఆమె రాసింది. తోక పట్టుకున్నది దుర్గాలక్ష్మి. రెక్కలు తప్పుగా ఆడడం ఆమె చూసింది. చూసి వదిలింది. ఇంటిపేరు లేకుండా రాసేవా అని అడిగేడు. పేరు ముందు ఇరికించి ఇంటిపేరు రాసింది. చదవమన్నాడు. మొదట్నుంచి చదివింది. తన పేరు దగ్గర ఆగితే, నెమ్మదిగా చదువు, తొందరేటి లేదు అన్నాడు. మళ్లీ అక్కణ్నుంచి చదివింది.

సంతకం వచ్చు అతనికి, కుడిచేత్తో. వేలిముద్ర వేయిస్తానంటే ఒప్పుకోలేదు. అప్పలకొండమ్మ మందుల అట్టపెట్టె కింద పెట్టి కాయితం పట్టుకుంది. అతను ఎడంచేత్తో పెన్ను పిడికిట్లో బిగించి మొదటి అక్షరం మొదలుపెట్టేడు. గీత వణుకుతూ పక్కకి పోయింది. దుర్గాలక్ష్మి ఆ చేతిని పట్టుకుందామని ముందుకి వంగింది. అప్పలకొండమ్మ మోచేత్తో ఆమెని ఆపింది.

“ఆయన్నే రాయనియ్.”

మూడు అక్షరాలకీ చాలాసేపు పట్టింది. చెమట అతని చెవి పక్కనుంచి దిండు మీదకి దిగింది. ఆఖరి అక్షరం కాయితం దాటి అట్ట మీదకి వెళ్లింది. అతను పెన్ను వదిలేసి తల వెనక్కి వాల్చేడు.

అప్పలకొండమ్మ పదకొండు పేజీలనీ కలిపి మడిచి, కొంగులో కట్టి బొడ్లో దోపుకుంది. మంచం కింద చెప్పులు వెతుక్కుని వేసుకుంది. దుర్గాలక్ష్మి కూర్చునే ఉంది, తానింక అక్కడ ఉండొచ్చో కూడదో తెలీక.

“నాకు టేసను ఎటో తెలవదు,” అంది అప్పలకొండమ్మ. “నువ్వు ముందు నడు.”

దుర్గాలక్ష్మి లేచింది. మంచాల మధ్యనుంచి ఆమె ముందు నడిచింది. వెనక చెప్పుల చప్పుడు వార్డు గుమ్మందాకా, మెట్ల దాకా, ఆటో దాకా ఆగకుండా వస్తూనే ఉంది.